పాయింట్ టూటూ రైఫిల్: 50 మీటర్ల దగ్గర కుదురు, 200 మీటర్ల దగ్గర చెదురు ఎందుకు?

ప్రశ్న క్లుప్తంగా ఇది. అడిగినవారి దగ్గర బోల్ట్ యాక్షన్ (ప్రతిసారీ చేత్తో తూటా ఎక్కించే) పాయింట్ టూటూ రైఫిల్, అంటే 0.22 అంగుళాల సన్న గుండు కాల్చేది, ఉంది. 50 మీటర్ల దగ్గర అయిదు గుండ్లు రెండు సెంటీమీటర్ల లోపే పడుతున్నాయి. అదే రైఫిల్‌తో 200 మీటర్ల దగ్గర ఉక్కు పలకను కొట్టబోతే కొన్ని పలక పైనుంచి పోతున్నాయి, కొన్ని దాని కాళ్ల దగ్గర మట్టిలో దిగుతున్నాయి. పై గుండుకూ కింది గుండుకూ మధ్య 35 సెంటీమీటర్లు. బరువైన మ్యాచ్ (పోటీల కోసం చేసిన) బారెల్ వేయించాలా, లేక వేగం ఎక్కువ ఉన్న తూటాలకు మారితే సరిపోతుందా అని అడుగుతున్నారు.

రెండూ వద్దు. మీ రైఫిల్‌లో లోపం ఉన్నట్టు నాకు కనిపించడం లేదు. మీ తూటాల వేగం ఒక దానికీ మరొక దానికీ ఒకేలా లేదు. 50 మీటర్ల దగ్గర ఆ తేడా దాక్కుంటుంది, 200 దగ్గర బయటపడుతుంది. బారెల్ కోసం దాచిన డబ్బుతో ధ్వనివేగానికి కాస్త లోపల నడిచే మ్యాచ్ తూటాలు రెండు మూడు రకాలు, ఒక్కొక్క రకంలో వేర్వేరు లాట్లు (ఒకే విడతలో తయారైన తూటాలు ఒక లాట్) కొనండి. వాటిని 100 మీటర్లకు తగ్గని దూరంలో పరీక్షించి, మీ రైఫిల్‌కు నప్పిన లాట్‌ను వీలైనంత ఎక్కువగా కొని దాచుకోండి. బారెల్ సంగతి ఆ తర్వాత ఆలోచించవచ్చు. చాలామందికి ఆ అవసరమే రాదు.

కారణం లెక్కల్లో ఉంది. మామూలు మ్యాచ్ తూటాలో 40 గ్రెయిన్ల, అంటే 2.6 గ్రాముల సీసపు గుండు ఉంటుంది. సెకనుకు దాదాపు 327 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. రైఫిల్‌ను 50 మీటర్లకు జీరో చేశారనుకుందాం, అంటే ఆ దూరంలో గుండు సరిగ్గా గురి మీద పడేలా స్కోప్‌ను సరిచేశారని. 100 మీటర్లు చేరేసరికి గుండు గురి గీతకు సుమారు 22 సెంటీమీటర్ల కింద ఉంటుంది. 200 దగ్గర దాదాపు 1.7 మీటర్లు, 300 దగ్గర 4.7 మీటర్ల దాకా కిందికి దిగుతుంది. దూరం మూడింతలైతే పతనం ఇరవై ఇంతలు దాటింది చూడండి. గుండు ఆకారాన్ని బట్టి, మీ స్కోప్ ఎత్తును బట్టి ఈ అంకెలు కొంచెం మారతాయి కానీ తీరు మారదు.

ఇప్పుడు ఒక తూటా మామూలు కంటే సెకనుకు 3 మీటర్లు నెమ్మదిగా బయలుదేరిందనుకోండి. వేగంలో అది ఒక శాతం కూడా కాదు. 50 మీటర్ల దగ్గర ఆ గుండు రెండు మిల్లీమీటర్ల చిల్లర కిందికి పడుతుంది. ఎవరికీ తెలియదు. 100 దగ్గర ఒక సెంటీమీటరు, 200 దగ్గర నాలుగు సెంటీమీటర్లు, 300 దగ్గర పది. చవక తూటాల పెట్టెలో అతి వేగమైన దానికీ అతి నెమ్మది దానికీ మధ్య 20 నుంచి 30 మీటర్ల తేడా ఉండటం మామూలే. 24 మీటర్ల తేడాను పై లెక్కతో హెచ్చిస్తే 200 మీటర్ల దగ్గర 32 సెంటీమీటర్లు వస్తుంది. మీరు చెప్పిన 35కు ఇది ఎంత దగ్గరగా ఉందో గమనించండి. అదే తేడా 50 దగ్గర రెండు సెంటీమీటర్ల లోపే ఉంటుంది, అదీ మీరు చెప్పిన అంకెకు సరిపోతోంది. మంచి మ్యాచ్ తూటాల్లో ఈ తేడా 8, 10 మీటర్ల దగ్గర ఆగుతుంది. అప్పుడు 200 మీటర్ల దగ్గర నిలువు చెదురు 12 సెంటీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది.

బారెల్ మార్చినంత మాత్రాన తూటాలోని మందు ఒకేలా మండదు. నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం అదే.

నిలువునూ అడ్డాన్నీ విడివిడిగా కొలవండి. చాలామంది గ్రూపును, అంటే గుండ్లు పడ్డ మేరను, ఒకే అంకెతో చెబుతారు, దానితో రోగం తెలియదు. నిలువుగా సాగిన గ్రూపు అయితే ముందు తూటాల వేగాన్ని, తర్వాత రైఫిల్ కింద పెట్టిన ఆనును అనుమానించాలి. అడ్డంగా సాగితే గాలి. అన్ని వైపులా సమానంగా చెదిరితే అప్పుడు బారెల్, బెడ్డింగ్ (రైఫిల్ తన స్టాక్‌లో, అంటే కర్రలో, కూర్చునే తీరు), స్కోప్ మరలు. నా దగ్గరకు రైఫిల్ పట్టుకొచ్చే వారిని నేను మొదట అడిగేది గుండ్లు పడ్డ కాగితం తెచ్చారా అని. ఉక్కు పలక మీద కొట్టి వచ్చినవారి దగ్గర కాగితం ఉండదు. 'తగిలింది', 'తగలలేదు' అన్న రెండు మాటలతో ఎవరూ ఏమీ తేల్చలేరు.

పాయింట్ టూటూ రిమ్‌ఫైర్ తూటా, అంటే అడుగు అంచున కొడితే పేలేది. అసలు అందులో వేగం ఎందుకింత మారుతుంది? సెంటర్‌ఫైర్ తూటాకు ప్రైమర్ (దెబ్బకు నిప్పు రాజేసేది) విడిగా మధ్యలో కూర్చుంటుంది. ఇందులో ప్రైమర్ మందును తడిగా ఉన్నప్పుడు తొడుగు లోపల వేసి, గిరగిరా తిప్పి, అడుగున ఉన్న అంచులోకి పాకేలా చేస్తారు. అది అంచు చుట్టూ సమంగా పరుచుకుందా, ఫైరింగ్ పిన్ కొట్టిన చోట ఎంత ఉంది అన్నది తూటా తూటాకూ మారుతుంది. లోపల తుపాకిమందు చాలా తక్కువ, అందులో రవ్వంత తేడా కూడా శాతంలో పెద్దదే. గుండును తొడుగు ఎంత బిగువుగా పట్టుకుందన్నది ఇంకొకటి. పైగా ఈ తూటాను ఇంట్లో మళ్లీ నింపుకొనే వీలు లేదు. సెంటర్‌ఫైర్ వారు త్రాసు పెట్టుకుని మందు తూచుకుంటారు. మనం ఫ్యాక్టరీ ఇచ్చిన దానిలో మంచిది ఏరుకోవడం తప్ప చేయగలిగింది లేదు. అందుకే ఏరుకోవడమే ఈ ఆటలో సగం విద్య.

కొందరు తూటాల అంచు మందాన్ని కొలిచి, బరువు తూచి వేరు చేస్తారు. చవక తూటాల్లో మరీ చెడ్డవాటిని పక్కన పెట్టడానికి అది కొంత పనికొస్తుంది. మంచి లాట్ దొరికాక దానివల్ల నాకు కాగితం మీద కనిపించిన లాభం లేదు. ఖాళీ సమయం ఉంటే చేయండి.

ఇక వేగం ఎక్కువ ఉన్న తూటాల సంగతి. సెకనుకు 380 మీటర్ల తూటా కొంటే పతనం తగ్గుతుందన్నది నిజమే. కానీ మీ బాధ పతనం కాదు. ఎంత పడుతుందో తెలిస్తే స్కోప్‌లో అన్ని క్లిక్కులు తిప్పుకుంటాం. ఎంత పడుతుందో ఒక్కోసారి ఒక్కోలా ఉండటమే బాధ. 20 డిగ్రీల వేడిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు వెళుతుంది. వేగమైన తూటా దానికి పైన మొదలై, 100 మీటర్ల దారిలో సగం కాకముందే ధ్వనివేగం కిందికి దిగుతుంది. గాలి నిరోధం అతి త్వరగా మారే చోటు అదే, గుండులో చిన్న లోపం ఉన్నా అక్కడ కుదుపు ఎక్కువ. మామూలు మ్యాచ్ తూటా మొదటి నుంచీ ధ్వనివేగానికి లోపలే ఉండి ఆ గండాన్ని తప్పించుకుంటుంది.

కొత్తవారు నమ్మని సంగతి ఇంకొకటి ఉంది. 100 మీటర్ల దగ్గర వేగమైన తూటానే పక్కగాలికి ఎక్కువ కొట్టుకుపోతుంది. గాలి గుండును ఎంత జరుపుతుందన్నది అది గాలిలో ఉన్న మొత్తం సమయాన్ని బట్టి కాదు. నిరోధం వల్ల ఎంత ఆలస్యమైందన్న దాన్ని బట్టి. నిరోధమే లేకపోతే పట్టే సమయానికీ, నిజంగా పట్టిన సమయానికీ ఉన్న తేడాను పక్కగాలి వేగంతో హెచ్చిస్తే జరుగుబాటు వస్తుంది. ధ్వనివేగానికి పైన బయలుదేరిన గుండు మొదటి యాభై మీటర్లలోనే తన అదనపు వేగంలో పెద్ద భాగం పోగొట్టుకుంటుంది కాబట్టి దాని ఆలస్యం ఎక్కువ. వేటగాళ్లకు ఆ తూటాలతో వేరే ప్రయోజనం ఉండవచ్చు. కాగితం మీద రంధ్రాలు దగ్గరగా పడాలనుకునేవారికి లేదు.

పాయింట్ వన్ సెవెన్ హెచ్‌ఎమ్‌ఆర్‌ అనే ఇంకా సన్నని రిమ్‌ఫైర్ తూటాకు మారమని కూడా ఎవరో ఒకరు మీకు చెబుతారు. 17 గ్రెయిన్ల గుండు, సెకనుకు 770 మీటర్ల పైచిలుకు. 150 మీటర్ల దాకా గీత గీసినట్టు వెళుతుంది. కానీ అందులో పాయింట్ టూటూలో ఉన్నంత మ్యాచ్ తూటాల ఎంపిక లేదు, దూరం నేర్పే పాఠాలూ అంతగా అందవు. మీరు అడిగింది అది కాదు కాబట్టి వదిలేస్తున్నాను.

తూటాలను ఎలా ఎంచుకోవాలో చెబుతాను. ఎలీ, లపువా, ఎస్‌కే, ఆర్‌డబ్ల్యూఎస్ కంపెనీల మ్యాచ్ రకాలు ఎక్కువమంది వాడతారు. ఎలీ టెనెక్స్, లపువా సెంటర్ ఎక్స్, ఎస్‌కే రైఫిల్ మ్యాచ్, ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్50 లాంటివి. సాధన కోసం సీసీఐ స్టాండర్డ్ వెలాసిటీ కూడా చెడ్డది కాదు. కానీ పేరు కంటే ముఖ్యం పెట్టె మీద ఉండే లాట్ నంబరు. ఒకే పేరు, ఒకే ధర, ఒకే రంగు పెట్టె ఉన్నా రెండు లాట్లు మీ రైఫిల్‌లో రెండు వేర్వేరు తూటాల్లా ప్రవర్తించవచ్చు. ఇది తయారీదారులకూ తెలుసు. షూటర్లు తమ రైఫిల్ తెచ్చుకుని లాట్లు పరీక్షించుకోవడానికి ఎలీ, లపువా ప్రత్యేకంగా టెస్ట్ రేంజ్‌లు నడుపుతున్నాయి. అక్కడ 100 మీటర్ల దగ్గర కూడా కొలిచే సదుపాయం ఉంటే దాన్నే అడగండి.

అలాంటి చోటికి వెళ్లలేకపోతే ఇలా చేయండి. గాలి లేని ఉదయం, 100 మీటర్ల దగ్గర కాగితం. ఒక రకం నుంచి ఇంకో రకానికి మారినప్పుడు పది ఇరవై గుండ్లు లెక్కలోకి తీసుకోకుండా కాల్చండి, ఎందుకంటే ఒక్కో కంపెనీ గుండుకు వేసే మైనపు పూత వేరు. బారెల్ కొత్త పూతకు అలవాటు పడేదాకా గుండ్లు ఎటుపడితే అటు పోతాయి. ఆ తర్వాత ఒకే గురి మీద కనీసం ఇరవై, వీలైతే ముప్పై. నిలువు కొలత రాసుకోండి. క్రోనోగ్రాఫ్ (గుండు వేగం కొలిచే పరికరం) ఉంటే వేగాలు కూడా రాసుకోండి, కానీ అది లేకపోయినా కాగితమే వేగం తేడాను చూపిస్తుంది.

అయిదు గుండ్ల గ్రూపును నమ్మి లాట్ కొనకండి. అయిదింటితో చవక తూటా కూడా అందంగా కనిపిస్తుంది, మంచిది కూడా వికారంగా కనిపిస్తుంది. ఇంటర్నెట్‌లో చూపించే బుల్లి గ్రూపుల్లో చాలావరకు అలా అదృష్టం బాగున్నప్పుడు పడ్డ అయిదే. మా రేంజ్‌లో ఒకరు ఖరీదైన బారెల్ వేయించుకుని, పాత తూటాలతోనే 200 దగ్గర అదే చెదురు చూసి, బారెల్ చేసినవారితో తగువు పెట్టుకునే దాకా వెళ్లారు. ఆయన రైఫిల్‌లో నా లాట్ వేసి కాల్పించాను. నిలువు కొలత సగానికి తగ్గింది. తర్వాత నా పాత ఫ్యాక్టరీ బారెల్‌లో ఆయన తూటాలు వేస్తే నా గ్రూపు ఆయన గ్రూపులాగే సాగింది. తగువు అక్కడితో ఆగింది.

మీ ప్రశ్న కింద ఒకరు, బారెల్ కొనకు ట్యూనర్ అనే జరిపే బరువు బిగిస్తే చాలని రాశారు. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో నిజం ఉంది, అందుకే మోసపోవడం తేలిక. తూటా పేలినప్పుడు బారెల్ కొన పైకీ కిందికీ ఊగుతుంది. నెమ్మది గుండు కొంచెం ఆలస్యంగా బయటపడుతుంది. ఆ క్షణాన బారెల్ కొన పైకి లేస్తూ ఉంటే, నెమ్మది గుండు కాస్త పైకి చూస్తూ బయలుదేరుతుంది. అలా ఒకానొక దూరంలో వేగమైనదీ నెమ్మదిదీ ఒకే ఎత్తులో కలుస్తాయి. బ్రిటిష్ లీ ఎన్‌ఫీల్డ్ సైనిక రైఫిల్ దగ్గరి దూరాల్లో అంత గొప్పగా లేకపోయినా చాలా దూరంలో బాగా కొడుతుందన్న పేరు ఈ గుణం వల్లే వచ్చింది. ట్యూనర్ బరువును ముందుకూ వెనక్కూ జరిపి ఆ ఊపును సరిచేస్తారు. 50 మీటర్ల బెంచ్‌రెస్ట్ (బల్ల మీద రైఫిల్ ఆన్చి కాల్చే పోటీ) వారికి అది పనికొస్తుంది, వారు ఎప్పుడూ అదే దూరంలో కాలుస్తారు కాబట్టి. 50కి సరిచేసిన ఊపు 200కి చాలదు. 200కి సరిచేస్తే 50లో గ్రూపు నిలువుగా సాగుతుంది. మీరు ఒకే రోజు 60, 120, 200, 250 దూరాల్లో కాల్చాలనుకుంటే ఇది మందు కాదు. కొన్ని రైఫిళ్లలో ట్యూనర్ లేకుండానే ఈ గుణం కొంత ఉంటుంది. 50 దగ్గర చక్కని గ్రూపు చూసి దూరంలో కూడా అంతే ఉంటుందని అనుకోకూడదు అనడానికి ఇది ఇంకొక కారణం.

తూటాల సంగతి తేలాక మిగిలేది గాలి. నిజం చెప్పాలంటే అసలు ఆట అక్కడే మొదలవుతుంది. సెకనుకు ఒక మీటరు పక్కగాలి అంటే మీ ముఖానికి కూడా సరిగా తెలియదు, పొగ పక్కకు వాలుతుంది అంతే. ఆ గాలికి మన గుండు 100 మీటర్ల దగ్గర రెండు సెంటీమీటర్ల పైన, 200 దగ్గర ఎనిమిది తొమ్మిది, 300 దగ్గర దాదాపు 19 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. ఆకులు కదిలే గాలి, అంటే సెకనుకు మూడు మీటర్లు అనుకుంటే 200 దగ్గర పావు మీటరు. కాబట్టి 200 మీటర్ల దగ్గర ఎవరైనా అడ్డంగా అయిదు సెంటీమీటర్లలో కొట్టానంటే, ఆ రోజు గాలి ఎలా ఉందని అడగండి.

గాలి చదవడం మాటలతో పూర్తిగా వచ్చేది కాదు. రెండు మూడు సంగతులు మాత్రం చెబుతాను. మీకు దగ్గరగా వీచే గాలి లక్ష్యం దగ్గరి గాలి కంటే ఎక్కువ నష్టం చేస్తుంది, ఎందుకంటే అక్కడ తప్పిన దారి చివరిదాకా పెరుగుతూనే పోతుంది. అందుకే లక్ష్యం పక్కన జెండా ఒక్కటే పెట్టి చూడటం చాలదు, మొదటి సగం దారిలో కనీసం రెండు గుర్తులు ఉండాలి. సన్నని రిబ్బన్ కట్టిన కర్రలు చాలు. స్కోప్‌లో ఎండమావిలా వేడిగాలి పారుతుంటే అది ఎటు వాలుతోందో చూడండి. నిలువుగా మరుగుతున్నట్టు కనిపిస్తే గాలి ఆగిందనో, మీ వైపు నుంచి లేదా ఎదురుగా వస్తోందనో అర్థం. అది మారబోయే క్షణం కూడా. అప్పుడు కాల్చకండి. గాలి తగ్గినప్పుడల్లా కాల్చాలని ఆత్రపడేవారి కంటే, ఎక్కువసేపు ఒకేలా ఉండే గాలిని ఎంచుకుని అదే గాలిలో కాల్చేవారి గ్రూపు చిన్నగా ఉంటుంది.

గాలి గుండును సరిగ్గా అడ్డంగా జరపదు. కుడివైపు తిరిగే ట్విస్ట్ (లోపలి గాడుల మెలిక) ఉన్న బారెల్‌లో, కుడి నుంచి గాలి వస్తే గుండు ఎడమకూ కొంచెం పైకీ, ఎడమ నుంచి వస్తే కుడికీ కొంచెం కిందికీ పోతుంది. గడియారంలో పది అంకె నుంచి నాలుగు అంకెకు గీసిన గీతలా గ్రూపు వాలుతుంది. ఆ వాలు కనిపిస్తే రైఫిల్ చెడిందనుకోకండి, గాలి అటూ ఇటూ మారిందని తెలుసుకోండి.

దూరం కొలవడం గురించి ఎవరూ అడగరు, నేనే చెబుతాను. మన గుండు చివర్లో బాగా వాలుగా దిగుతుంది. 200 మీటర్ల దగ్గర అది ముందుకు వెళ్లే ఒక్కో మీటరుకు సుమారు 1.4 సెంటీమీటర్లు, 300 దగ్గర సుమారు 2.3 సెంటీమీటర్లు కిందికి వస్తుంది. 200 అనుకున్న పలక నిజానికి 205 దగ్గర ఉంటే గుండు దాదాపు ఏడు సెంటీమీటర్లు కిందికి పడుతుంది. అడుగులు లెక్కపెట్టి, 'ఇంచుమించు రెండు వందలు' అనుకుంటే ఎంత మంచి లాట్ ఉన్నా వ్యర్థం. లేజర్ రేంజ్‌ఫైండర్ ఉన్నవారి దగ్గర అరువు తెచ్చుకుని అయినా కొలవండి. సెంటర్‌ఫైర్ నుంచి వచ్చినవారు ఈ విషయంలో బాగా దెబ్బతింటారు, వారి రైఫిల్ ఆ దూరంలో అయిదు మీటర్ల తప్పును పట్టించుకోదు.

రైఫిల్ పక్కకు వాలకూడదు. స్కోప్ మీద అతికించే చిన్న రసమట్టం ఖర్చు తక్కువ, దీని లాభం ఎక్కువ. మనం 200 మీటర్లకు బారెల్‌ను చాలా పైకి ఎత్తి కాలుస్తాం. ఎత్తిన బారెల్ రెండు డిగ్రీలు పక్కకు ఒరిగితే ఆ ఎత్తులో కొంత భాగం పక్కకు పోతుంది. లెక్క వేస్తే 200 దగ్గర ఎనిమిది సెంటీమీటర్లు, 300 దగ్గర ఇరవై దాకా. రెండు డిగ్రీలు కంటికి తెలియవు, ముఖ్యంగా నేల వాలుగా ఉన్న చోట. గాలి వల్ల తప్పిందని అనుకున్నవాటిలో చాలా వరకు ఇవే.

స్కోప్ విషయంలో రెండు చూసుకోండి. ఒకటి, పైకి తిప్పుకునే వీలు. 50కి జీరో చేసిన రైఫిల్‌కు 200 దగ్గర సుమారు 8.5 మిల్లులు (ఒక మిల్లు అంటే 100 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్ల కోణం), 300 దగ్గర 15 మిల్లుల పైన కావాలి. మామూలు స్కోప్‌కు అంత ఉండదు, అందుకే ముందుకు వాలుగా చెక్కిన 20 లేదా 30 ఎంఓఏ (కోణపు నిమిషాల) రైలు, అంటే స్కోప్ కూర్చునే పట్టీ, బిగించాలి. రెండోది పారలాక్స్, అంటే కన్ను కదిలితే గురి గుర్తు లక్ష్యం మీద జరిగినట్టు కనిపించడం. సెంటర్‌ఫైర్ స్కోప్‌లు చాలావరకు 100 గజాలకు స్థిరంగా సరిచేసి ఉంటాయి. దగ్గరి నుంచి దూరం దాకా సరిచేసుకునే చక్రం ఉన్నది కావాలి, 25 మీటర్ల దాకా దిగితే మంచిది. కొన్నాక క్లిక్కులు నిజమేనా అని ఒకసారి పరీక్షించండి: 100 మీటర్ల దగ్గర నిలువు గీత గీసిన పొడవాటి కాగితం పెట్టి, 5 మిల్లులు పైకి తిప్పి కాల్చితే గుండు సరిగ్గా 50 సెంటీమీటర్లు పైకి, గీత మీదే పడాలి. గీత పక్కన పడితే స్కోప్ ఒరిగి బిగించారు.

రైఫిల్ గురించి తక్కువే చెబుతాను. పాయింట్ టూటూలో మందు దాదాపు 40, 45 సెంటీమీటర్ల బారెల్‌లోనే పని ముగిస్తుంది, అంతకంటే పొడవైన బారెల్ వేగం పెంచదు. బారెల్ స్టాక్‌కు ఎక్కడా తగలకూడదు, మరలు ఎప్పుడూ ఒకే బిగువులో ఉండాలి, ట్రిగ్గర్ తేలికగా, ఎప్పుడూ ఒకేలా విడవాలి. నెమ్మది గుండు బారెల్‌లో ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి ట్రిగ్గర్ నొక్కాక తల ఎత్తి చూడాలన్న కోరికను అణచుకోవాలి. గుండు తగిలిన చప్పుడు వినేదాకా అలాగే ఉండండి. 300 మీటర్ల దగ్గర పలక మోత మీ చెవికి చేరడానికి గుండు ప్రయాణమూ ధ్వని తిరుగు ప్రయాణమూ కలిపి దాదాపు రెండు సెకన్లు పడుతుంది, అంతసేపు ఓపిక పట్టడం మంచి అలవాటు. వెనక ఆన్చే సంచి గట్టిగా, ప్రతిసారీ ఒకే చోట ఉండాలి. నిలువు చెదురులో తూటాల తర్వాతి నేరస్థురాలు అదే.

శుభ్రం చేయడంలో రెండు అతులూ చూశాను. ప్రతి రోజూ తళతళలాడేలా తోమేవారు మళ్లీ మైనం పట్టేదాకా మొదటి గుండ్లన్నీ పోగొట్టుకుంటారు. అసలు తోమనివారికి చాంబర్ (తూటా కూర్చునే గది) ముందర గట్టి మసి వలయం కట్టి, ఒకరోజు ఉన్నట్టుండి గుండ్లు చెల్లాచెదురవుతాయి. గ్రూపు పాడవడం మొదలైనప్పుడు తోమండి, చాంబర్ ముందు భాగాన్ని తప్పక తోమండి.

చలి గురించి ఒక మాట. వేడి మారితే మీ అంకెలు మారతాయి. చలిలో మందు మండటం మందగిస్తుంది, గుండు మీది మైనం గట్టిపడుతుంది, గాలి చిక్కబడుతుంది. అన్నీ కలిసి గుండును కిందికే దించుతాయి. అదీ కాక సున్నా డిగ్రీల దగ్గర ధ్వనివేగం 331 మీటర్లకు దిగి, మన గుండు మొదటి వేగం దాన్ని దాదాపు తాకుతుంది. మండే ఎండలో రాసుకున్న దూరాల పట్టిక చలికాలపు ఉదయం పనికిరాదు. పట్టికలో ప్రతి వరుస పక్కనా ఆనాటి వేడి రాసుకోండి. తూటాల పెట్టెను ఎండలో వదిలేయకండి.

ఇవన్నీ సరిచేసుకున్నాక ఏం ఆశించవచ్చు? గాలి నిలిచిన ఉదయం, 200 మీటర్ల దగ్గర పది గుండ్లు 12 నుంచి 15 సెంటీమీటర్లలో పడితే మీ సరంజామా బాగుంది. అంతకంటే చిన్నది ఎప్పుడైనా వస్తుంది, దాన్ని గోడకు తగిలించుకోండి కానీ మామూలు అనుకోకండి. పలక వ్యాసం 20, 25 సెంటీమీటర్లు పెట్టుకుంటే నేర్చుకోవడానికి సరిగ్గా ఉంటుంది.

చివరగా, వెనక దిబ్బ సంగతి రాజీ లేనిది. చిన్న తూటా అని తేలిగ్గా తీసుకోకండి, పైకెత్తి కాల్చితే ఈ గుండు కిలోమీటరు దాటి చాలా దూరం వెళ్లగలదు. నెమ్మది సీసం గట్టి నేల మీదా రాళ్ల మీదా పడి పైకి ఎగరడం కూడా సెంటర్‌ఫైర్ కంటే ఎక్కువగా చూస్తాం. పలక వెనక మెత్తని మట్టితో ఎత్తైన దిబ్బ లేని చోట 200 మీటర్ల ప్రయత్నమే వద్దు. మీరు గుండ్లు పలక పైనుంచి పోతున్నాయని రాశారు. అవి ఎక్కడ ఆగుతున్నాయో ముందు చూసుకోండి.

ఆ తర్వాత 100 మీటర్ల దగ్గర ఇరవై గుండ్ల కాగితం తీసి, తూటా పేరు, లాట్ నంబరు, నిలువు కొలత, అడ్డం కొలత, ఆనాటి వేడి, గాలి ఇక్కడే రాయండి. నిలువు అయిదు సెంటీమీటర్లు దాటి అడ్డం దానికి సగమే ఉంటే వెంటనే లాట్ మార్చండి. రెండూ సమానంగా పెద్దవైతే మాత్రం స్టాక్ మరలనూ స్కోప్ రింగులనూ విప్పి బిగించి మళ్లీ ఒక కాగితం తీయండి, బారెల్ మాట అప్పుడు మాట్లాడుకుందాం.